ఎగ్జిమా ఉన్నవాళ్ళకి గుండె జబ్బు కూడా వస్తుందా? సీఆర్‌పీ 6.4 వచ్చింది, ఒకటే టెన్షన్

ఫీడుకొట్టు (భీమవరం దగ్గర)

అందరికీ నమస్కారమండి. నా వయసు 41. రొయ్యల మేత అమ్మే కొట్టులో లెక్కలు రాస్తాను. చిన్నప్పట్నుంచీ ఎగ్జిమా ఉంది. మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక, మెడ చుట్టూ. మే నెల ఉక్కపోతకి చెమట పట్టిందంటే ఇక ఆ రాత్రికి నిద్ర లేనట్టే. పొద్దున్నే దుప్పటి దులిపితే పొట్టు రాలుతుంది. గోళ్ళు తగిలిన చోటల్లా ఆవగింజంత రక్తపు చుక్కలు. అందుకే మా ఇంట్లో తెల్ల దుప్పట్లు కొనడం మానేశాం.

పోయిన వారం ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళే ప్యాకేజీ ఒకటి చేయించుకున్నాను. హెచ్‌ఎస్ సీఆర్‌పీ అనే రక్త పరీక్షలో 6.4 అని వచ్చింది, పక్కనే ఎర్రక్షరాలతో ‘హై’. ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) 142. షుగర్ మామూలే. అదేమిటా అని ఫోన్లో వెతికితే, ఎగ్జిమా ఉన్నవాళ్ళ రక్తంలో గుండె జబ్బుకి సంబంధించిన ప్రోటీన్లు ఎక్కువగా ఉంటాయని కనబడింది. అప్పట్నుంచీ ఎడమ చెయ్యి కాస్త లాగినా ఇక అదేనేమో అనిపిస్తోంది. ఆ ప్రోటీన్ల పరీక్ష మన జిల్లాలో ఎక్కడ చేస్తారు? ఎంతవుతుంది? తెలిసినవాళ్ళు చెప్పండి.

రేవుకాడ (నరసాపురం)

అన్నయ్యా, రాత్రి పదింటికి రొయ్యల వేపుడు తిని పడుకుంటే గుండెల్లో మంట కాక ఇంకేమొస్తుంది? ముందు ఆ ఫోను పక్కన పెట్టు. డాక్టరు గారొకరు ఈ గ్రూపులో ఉండాలి, వస్తారు.

ల్యాబ్‌తమ్ముడు (అమలాపురం)

ఒక్క ప్రశ్న అండి. రక్తం ఇచ్చిన రోజున జ్వరం, జలుబు, పంటి నొప్పి, పుండు, ఏమైనా ఉన్నాయా?

సీఆర్‌పీ ఒక ప్రోటీన్, దాన్ని తయారుచేసేది లివరు. ఒంట్లో ఎక్కడ వాపున్నా (పైకి కనబడే ఉబ్బే కాదు, ఇంగ్లీషులో ఇన్‌ఫ్లమేషన్ అంటారే, అది), ఇన్ఫెక్షన్ ఉన్నా అది లేస్తుంది. గుండె కోసం చూసేటప్పుడు 1 లోపు ఉంటే తక్కువ, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ అంటారు. 10 దాటిందంటే గుండె సంగతి పక్కన పెట్టి ముందు ఇన్ఫెక్షన్ కోసం వెతకాలి. ఒక్కసారి చూసి తేల్చే పరీక్ష కాదిది. కనీసం రెండు వారాలు ఆగి, ఏ జబ్బూ లేనప్పుడు మళ్ళీ చూడాలి. మా దగ్గరికొచ్చే రిపోర్టుల్లో సగం గాభరా ఈ ఒక్క లైను వల్లే.

ఫీడుకొట్టు

ఉందండి. మోకాలి వెనక గోకి గోకి పుండైంది, రసి కారుతోంది. దానికీ దీనికీ సంబంధం ఉంటుందని నాకు తట్టనేలేదు.

ల్యాబ్‌తమ్ముడు

అది మానాక మళ్ళీ చేయించండి. ఇంకోటి, బీపీ ఎంతో రాయలేదు?

ఫీడుకొట్టు

చూడలేదండి. వచ్చినబ్బాయి రక్తం తీసుకుని బండెక్కి వెళ్ళిపోయాడు.

తోలుడాక్టరు (రాజమండ్రి)

నేను చర్మవ్యాధుల డాక్టర్ని, ఈ పేరు మా పిల్లలు పెట్టింది. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందుగా మాట గురించి. మన వైపు ‘తామర’ అంటే రెండు జబ్బులకీ వాడేస్తారు. గజ్జల్లో, నడుం చుట్టూ గుండ్రంగా అంచు కట్టి పాకేది ఫంగస్. ఎగ్జిమా వేరు. అది అంటుకోదు, చిన్నతనంలో మొదలవుతుంది, చాలామందికి ఇంట్లో ఎవరికో ఆస్తమానో తుమ్ముల అలర్జీనో ఉంటుంది. మందుల షాపులో ‘తామరకి’ అని అడిగితే ఇచ్చే ట్యూబులో చాలాసార్లు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. ఫంగస్‌కి అది రాస్తే నాలుగు రోజులు అణిగినట్టుండి తర్వాత ఒళ్ళంతా పాకుతుంది. ఫీడుకొట్టు గారు రాసిన చోట్లు చూస్తే ఎగ్జిమాలాగే ఉంది, అయినా చూడకుండా ఖాయంగా చెప్పను.

ఇక ఆ ప్రోటీన్ల సంగతి. 2017లో న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్‌లో ఎమ్మా గట్‌మన్ యాస్కీ బృందం 59 మంది ఎగ్జిమా రోగుల రక్తాన్ని పరీక్షించింది. అందరికీ జబ్బు మధ్యస్థం నుంచి తీవ్రం. పోల్చడానికి 22 మంది సోరియాసిస్ (పొలుసులు లేచే ఇంకో చర్మ జబ్బు) వాళ్ళనీ, 18 మంది ఆరోగ్యవంతుల్నీ తీసుకున్నారు. అప్పటిదాకా ఒళ్ళంతటి జబ్బు, గుండెకి ముప్పు అంటే సోరియాసిస్సే అనేవారు. తీరా చూస్తే రక్తంలో వాపు గుర్తులు ఎగ్జిమా వాళ్ళలోనే ఎక్కువ కనబడ్డాయి. వాటిలో ఫ్రాక్టల్‌కైన్, సీసీఎల్8, ఎం‑సీఎస్ఎఫ్ లాంటివి రక్తనాళాలు గట్టిపడే జబ్బుతో ముడిపడ్డవి. ఈ‑సెలెక్టిన్, ఎలాఫిన్ అనేవి చర్మం ఎంత పాడైతే అంత పెరిగాయి.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. అక్కడ చూసింది ప్రోటీన్లని. ఎవరికి గుండెపోటు వచ్చిందో, ఎవరికి రాలేదో ఆ పరిశోధనలో లెక్కపెట్టలేదు.

ఆ లెక్క కావాలంటే 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చినదాన్ని చూడాలి. బ్రిటన్‌లో ఎగ్జిమా ఉన్న 3,87,439 మంది రికార్డుల్ని, లేని 15 లక్షల పైచిలుకు మందితో పోల్చారు. తీవ్రమైన ఎగ్జిమా ఉన్నవాళ్ళకి గుండెపోటు ముప్పు 40 నుంచి 50 శాతం, గుండె బలహీనపడే జబ్బు 70 శాతం దాకా, పక్షవాతం 20 శాతం ఎక్కువని తేలింది. ‘తీవ్రం’ అంటే పైపూతలతో లొంగక లోపలికి మందులు, లైట్ చికిత్స, లేదా స్పెషలిస్టు దాకా వెళ్ళాల్సి వచ్చినవాళ్ళు. కొద్దిపాటి ఎగ్జిమా వాళ్ళ దగ్గర చెప్పుకోదగ్గ తేడా లేదు.

శాతాలు చూసి బెదిరిపోకండి. ఉదాహరణకి నూరుమందిలో ఐదుగురికి వచ్చే జబ్బు 40 శాతం పెరిగిందంటే ఏడుగురికి వస్తుందని. నలభై ఐదు మందికి కాదు.

కొబ్బరితోట (రావులపాలెం)

డాక్టరు గారూ, మా బాబుకి ఆరేళ్ళు. బుగ్గల మీద, మోచేతుల్లో ఇదే. రాత్రిళ్ళు గోక్కోకుండా చేతులకి పాత సాక్సులు తొడుగుతాను. పొద్దున్న చూస్తే అవి మంచం కింద ఉంటాయి. ఇది చదివాక నాకు అన్నం సయించలేదండి. వాడి గుండెకేమైనా అవుతుందా?

తోలుడాక్టరు

అమ్మా, పై లెక్కలన్నీ పెద్దవాళ్ళవి. చిన్నప్పుడు ఎగ్జిమా ఉన్న పిల్లల్లో చాలామందికి పెరిగేకొద్దీ తగ్గిపోతుంది. బాబుకి గుండె పరీక్షలేవీ అక్కర్లేదు. గోళ్ళు కురచగా కత్తిరించండి. స్నానమయ్యాక ఒంటి మీద తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ పట్టించండి, తువ్వాలుతో రుద్దకుండా అద్దండి. సాక్సులు మంచి ఆలోచనే. పొడుగు చేతుల మెత్తటి నూలు చొక్కా దొరికితే చివర్లు కుట్టేయండి, అది విప్పుకోలేడు.

కానుగపల్లె (ముమ్మిడివరం)

ఈ ఇంగ్లీషు పేర్ల ప్రోటీన్లు మా తాతగారి కాలంలో లేవు. కానుగ నూనె రాసి, వేపాకు నీళ్ళు పోసి, చేపా వంకాయా మాన్పించేవారు. తగ్గేది.

తోలుడాక్టరు

కానుగ నూనె పగిలిన చర్మం మీద కొందరికి మండుతుంది. పడినవాళ్ళు రాసుకోండి, నేను కాదనను. కొబ్బరి నూనె చాలామందికి పడుతుంది, ఇక్కడ చవక కూడా. చేప మాత్రం ఊరికే మాన్పించకండి. తిన్న ప్రతిసారీ వెంటనే దద్దుర్లు లేచేవాళ్ళ సంగతి వేరు. గోదావరి జిల్లాలో పుట్టి చేప లేకుండా బతకమనడానికి నాకు నోరు రాదు.

రేవుకాడ

పులస కాలంలో ఆ మాట అన్నారంటే మీ ఆస్పత్రికి ఎవరూ రారు లెండి.

ప్రోటీన్‌చదువు (ఊరు యానాం, ప్రస్తుతం హైదరాబాద్)

అలాంటి ప్రోటీన్ల మీదే నా పీహెచ్‌డీ. ఫీడుకొట్టు అన్నయ్య ‘పరీక్ష ఎక్కడ చేస్తారు’ అని అడిగారు కాబట్టి చెప్తున్నాను.

ముందు ఈ‑సెలెక్టిన్ ఏం చేస్తుందో చూద్దాం. మన కాలువలో గుర్రపుడెక్క నీటి వాలున కొట్టుకుపోతూనే ఉంటుంది కదా. గట్టు నున్నగా ఉన్నంతసేపూ ఆగదు. ఎవరో స్నానాల కోసం నాలుగు వెదురు బొంగులు పాతారనుకోండి, దానికొక మొక్క చిక్కుకుంటుంది, దానికింకోటి. వారానికల్లా అక్కడ పచ్చటి చాప. రక్తనాళం లోపలి గోడ మీద ఈ‑సెలెక్టిన్ ఆ వెదురు బొంగు. ఒంట్లో వాపున్నప్పుడే అది పైకి పొడుచుకొస్తుంది. తెల్లకణాలు దాన్ని తగులుకుని నెమ్మదించి గోడలోకి దూరతాయి. చర్మంలో అయితే ఎరుపూ దురదా. గుండె రక్తనాళంలో అయితే, దూరిన కణాలు కొవ్వుని మింగి అక్కడే కూర్చుంటాయి, పూడిక మొదలవుతుంది. ఎం‑సీఎస్ఎఫ్ ఆ కణాలకి మేత లాంటిది. మీకు మేత సంగతి నేను చెప్పక్కర్లేదు.

బొంగుల్లో కొన్ని విరిగి రక్తంలోకి కొట్టుకొస్తాయి. పరిశోధనల్లో కొలిచేది వాటినే. అవి చర్మం లోపలి రక్తనాళాలవా, గుండెవా అన్నది రక్తం చుక్క చెప్పదు. ఎగ్జిమా ఒళ్ళంతా ఉన్న మనిషిలో ఎక్కువ భాగం చర్మంలోంచే వచ్చి ఉండొచ్చు. నాకున్న పెద్ద అనుమానం ఇదే.

ఇక కొలిచే పద్ధతి. ఒక్కో ప్రోటీన్‌కి రెండు యాంటీబాడీలు (ఆ ప్రోటీన్‌నే పట్టుకునే కొక్కేల్లాంటివి), ఒక్కోదానికి ఒక డీఎన్‌ఏ తోక. రెండూ ఒకే ప్రోటీన్‌ని పట్టుకుంటేనే తోకలు దగ్గరకొచ్చి ముడిపడతాయి. ఆ ముడుల్ని పీసీఆర్‌తో, అంటే డీఎన్‌ఏని ఎన్నో రెట్లు పెంచి చూసే పద్ధతితో, లెక్కపెడతారు. ఒక్క చుక్కలో వందల ప్రోటీన్లు చూడొచ్చు. కానీ వచ్చే అంకె మిల్లీగ్రాముల్లో ఉండదు. సంతలో కాటా వేసినట్టు కాదు, రెండు గంపలు చేత్తో ఎత్తి ఇది దానికంటే బరువని చెప్పినట్టు. గుంపుతో గుంపుని పోల్చడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. ‘మీకు ఇంత ఉంది, ఇంత దాటకూడదు’ అని ఒక మనిషికి రిపోర్టు ఇవ్వడానికి పనికిరాదు. అందుకే ఏ ల్యాబులోనూ అడగక్కర్లేదు అన్నయ్యా, డబ్బులు దాచుకోండి.

తోలుడాక్టరు

చాలా బాగా చెప్పావమ్మా. చర్మం జబ్బు ఎంత ఉందో చెప్పే రక్త పరీక్ష మాత్రం ఒకటుంది, టార్క్ అంటారు. జపాన్‌లో ఆస్పత్రుల్లోనే వాడతారు. అది ఎగ్జిమా తీవ్రత కోసం, గుండె కోసం కాదు.

కానీ ‘చర్మంలోంచే వచ్చి ఉండొచ్చు’ అన్నదాన్ని అక్కడితో వదిలేయలేం. వాపు ఎక్కడ పుట్టినా రక్తంలో తిరిగేది ఒళ్ళంతా తిరుగుతుంది. 2017లో కాంటోస్ అనే ట్రయల్ చూడు. ఒకసారి గుండెపోటు వచ్చి, సీఆర్‌పీ 2 గానీ అంతకు మించి గానీ ఉన్న 10,061 మందిని తీసుకున్నారు. కొలెస్ట్రాల్‌ని ముట్టుకోకుండా వాపుని మాత్రమే తగ్గించే ఇంజెక్షన్ ఇచ్చారు. మధ్య డోసు తీసుకున్నవాళ్ళలో గుండె సంఘటనలు సుమారు 15 శాతం తగ్గాయి.

ప్రోటీన్‌చదువు

నిజమే సార్. అదే ట్రయల్‌లో ప్రాణం తీసిన ఇన్ఫెక్షన్లు పెరిగాయి కూడా. పైగా అందులో ఎగ్జిమా ఊసే లేదు. వాపుకీ గుండెకీ ముడి ఉందని ఒప్పుకుంటాను, ఎగ్జిమా తగ్గిస్తే గుండె బాగుపడుతుందని ఇంకా ఒప్పుకోను. రాత్రంతా నిద్ర లేకపోవడం, చెమటకి దురదొస్తుందని నడక మానేయడం, చిరాక్కి సిగరెట్లు, ఇవి కూడా గుండెకే తగులుతాయి కదా.

తోలుడాక్టరు

సరే, అక్కడ ఆగుదాం. అమెరికా వాళ్ళ 2018 కొలెస్ట్రాల్ మార్గదర్శకాల్లో కూడా ముప్పుని పెంచే వాపు జబ్బుల కింద సోరియాసిస్, కీళ్ళవాతం, హెచ్‌ఐవీ పేర్లు రాశారు, ఎగ్జిమా పేరు రాయలేదు. ఆ జాబితాలోనే దక్షిణాసియా వాళ్ళుగా పుట్టడం కూడా ఉంది, అంటే మనమందరం.

పంచెమేష్టారు (పాలకొల్లు, రిటైర్డ్)

సంభాషణ ఆసక్తికరంగా ఉంది. రెండు సంగతులు గుర్తొచ్చాయి.

మా చిన్నతనంలో ఫైలేరియా వాళ్ళు రాత్రి పదిన్నర, పదకొండింటికి టార్చిలైటు పట్టుకుని వచ్చేవారు. నిద్రలోంచి లేపి వేలు పొడిచి గాజు పలక మీద చుక్క తీసుకునేవారు. బోదకాలు పురుగు పిల్లలు రక్తంలోకి రాత్రిపూటే వస్తాయని తర్వాతెప్పుడో తెలిసింది. మా అమ్మ మాత్రం వాళ్ళని దొంగలనుకుని ఒకసారి చీపురు తీసింది. డాక్టరు గారి ఊళ్ళోనే ఫైలేరియా శిక్షణ కేంద్రం ఉంది. నా అనుమానం ఏమిటంటే, మన రక్తంలో ఇలాంటివన్నీ కలిసి ఉండగా న్యూయార్క్ వాళ్ళ రక్తం లెక్క మనకి వర్తిస్తుందా?

రెండోది. 2003, 2004 ప్రాంతంలో మన రెండు జిల్లాల్లో 45 గ్రామాల్లో ఏడాదిపాటు ఎవరు పోయినా ఇంటికొచ్చి ఎలా పోయారో అడిగి రాసుకున్నారు. 1354 మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. అంటురోగాలు దానిలో సగం కూడా లేవు. కలరా, మలేరియాలతో పోతారనుకునే పల్లెల్లో!

ల్యాబ్‌తమ్ముడు

మేష్టారూ, మంచి మాట అడిగారు. ఎగ్జిమా వాళ్ళకి ఐజీఈ (అలర్జీలో పెరిగే యాంటీబాడీ), ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) ఎక్కువగా రావడం మామూలు. కానీ మన వైపు నులిపురుగులున్నా, ఫైలేరియా ఉన్నా అవి పెరుగుతాయి. ఐజీఈ వెయ్యి దాటింది చూసి ‘భయంకరమైన అలర్జీ’ అని భయపెట్టేవాళ్ళున్నారు. ముందు మలపరీక్ష చేయించరెందుకో.

చెరువుగట్టు (ఉండి)

నా గోడు కూడా వినండి. రొయ్యల షెడ్డులో తలలు తీసే పని, రోజంతా ఐసు నీళ్ళలో చేతులు. వేళ్ళ సందులు పగిలి, ఉప్పు తగిలితే ప్రాణం పోయేది. ఊళ్ళో ఒకాయన చిన్న తెల్ల మాత్ర ఇచ్చాడు. రెండు రోజుల్లో చేతులు అద్దంలా అయిపోయాయి. దేవుడనుకున్నాను. మానితే తిరగబెట్టేది, మళ్ళీ వేసుకునేదాన్ని. అలా ఏడాదిన్నర. ముఖం గుండ్రంగా ఉబ్బింది, షుగర్ వచ్చింది, బీపీ 160. పెద్దాసుపత్రిలో చూపిస్తే స్టెరాయిడ్ అన్నారు. ప్రోటీన్ల గురించి నాకు తెలీదండి, ఆ మాత్ర గురించి అయితే తెలుసు.

తోలుడాక్టరు

నేను చెప్పాల్సింది మీరే చెప్పారు చెల్లెమ్మా. మీది షెడ్డు పని వల్ల వచ్చిన ఎగ్జిమాలా ఉంది, చిన్నతనంలో మొదలయ్యే రకం కాకపోవచ్చు. లోపల నూలు తొడుగు, పైన గ్లౌజు వేసుకుంటే చాలా తేడా ఉంటుంది. ఇప్పుడా మాత్ర వేసుకుంటూ ఉంటే మటుకు ఒక్కసారిగా ఆపకండి. ఏడాదిన్నర వాడిన ఒళ్ళు సొంతంగా స్టెరాయిడ్ చేసుకోవడం మర్చిపోయి ఉంటుంది. డాక్టరు చెప్పినట్టు మెల్లగా దింపాలి.

ఎగ్జిమా మందుల వల్ల గుండెకి తగిలే దెబ్బ గురించి ఎవరూ ఇంత గట్టిగా మాట్లాడరు. తీవ్రమైన ఎగ్జిమాకి లోపలికి ఇచ్చే సైక్లోస్పోరిన్ బీపీ పెంచుతుంది. వాపుని అణిచే టోఫాసిటినిబ్ జాతి మాత్రల మీద 2021లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గుండెపోటు, పక్షవాతం గురించి గట్టి హెచ్చరిక పెట్టించింది. అది యాభై దాటిన, గుండె ముప్పున్న కీళ్ళవాతం రోగుల్లో కనబడింది. కుర్రాళ్ళకి అంత ముప్పు ఉండకపోవచ్చు. అయినా మన దగ్గర పొగ తాగుతారా, గుండె జబ్బుందా అని అడక్కుండా రాస్తే తప్పే.

కానుగపల్లె

లంక చుట్ట తాగేవాళ్ళ సంగతేంటి మరి? మా నాన్న ఎనభై రెండేళ్ళు బతికాడు.

పంచెమేష్టారు

మీ నాన్నగారితో పాటు చుట్ట కాల్చినవాళ్ళలో ఎంతమంది ఎనభై చూశారో కూడా లెక్క చెప్పండి.

ఫీడుకొట్టు (మూడు వారాల తర్వాత)

ఆలస్యానికి క్షమించండి, పట్టుబడుల కాలం, కొట్టులో ఊపిరాడలేదు. మోకాలి పుండు మానింది. ల్యాబ్‌తమ్ముడు చెప్పినట్టు మళ్ళీ సీఆర్‌పీ చేయించాను, 1.9. ఆ రాత్రి పడుకున్నాను బాబూ, చాన్నాళ్ళకి.

అయితే ఊరి ఆరోగ్య కేంద్రంలో బీపీ చూస్తే 152/96. రెండు రోజులాగి చూస్తే 148/94. మందు మొదలెట్టే ముందు ఇంకోసారి చూద్దామన్నారు. అసలు సంగతేమిటంటే, ఇన్నేళ్ళూ ఎక్కడికెళ్ళినా బీపీ నేనే వద్దనేవాణ్ణి. ఆ పట్టీ బిగిస్తే మోచేతి మడతలో పగిలిన చోట మండి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. ‘మామూలే, మొన్నే చూపించాను’ అని అబద్ధం చెప్పేసేవాణ్ణి. ఆ రెండుసార్లూ పళ్ళు బిగపట్టుకుని కూర్చున్నాను. దానివల్లే ఎక్కువ వచ్చిందేమో?

తోలుడాక్టరు

నొప్పికి కొంత పెరుగుతుంది, నిజమే. రెండుసార్లూ ఇంత వచ్చింది కాబట్టి తీసిపారేయకండి. ఏ చేతికి పగుళ్ళు తక్కువో ఆ చేతికి కట్టించండి. పట్టీ మడత మీద కాదు, దానికి రెండు వేళ్ళ పైన ఉండాలి. చొక్కా చెయ్యి పైకి చుట్టి బిగించొద్దు. పల్చటి నూలు గుడ్డ ఒక్క పొర ఉంటే ఇబ్బంది లేదు, దాని మీదే కట్టమనండి. ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, మాట్లాడకుండా చూపించుకోండి. ఈలోగా ఊరగాయ తగ్గించండి, ఎల్‌డీఎల్ 142 సంగతి కూడా అక్కడి డాక్టరుకి చెప్పండి.

ఫీడుకొట్టు

గుడ్డ మీద కట్టొచ్చా! ఈ ముక్క ఇరవై ఏళ్ళలో ఎవరూ చెప్పలేదండి. ఎల్లుండి మా ఆవిడ పాత వాయిల్ చీర ముక్కొకటి పట్టుకెళ్తాను.